మేనల్లుడికి పదమూడు మార్కులు

భీమవరం చుట్టుపక్కల ఒక ఊరి నుంచి ఈ ఉత్తరం వచ్చింది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు, కుదించి చెబుతాను.

రాసినాయనకు నలభై ఆరేళ్ళు. రొయ్యల రైతులకు మేత, మందులు అమ్మే వ్యాపారం. పక్కనే నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబు. 2012లో ఒక్క షట్టరుతో మొదలుపెట్టారు. పాలకొల్లులో ఉండే బావగారు, అంటే అక్క భర్త, అప్పట్లో కాగితం రాయించుకోకుండా, వడ్డీ మాట ఎత్తకుండా ఐదు లక్షలు చేతిలో పెట్టారు. 2017కల్లా అసలు తీర్చేశారు. ఇవాళ పద్దెనిమిది మంది పనిచేస్తున్నారు.

ఈ మధ్య ఒక ఫీల్డు మనిషి కావలసి వచ్చాడు. ఉండి, కాళ్ళ, ఆకివీడు మండలాల వైపు చెరువులు తిరగాలి, నీళ్ళు చూడాలి, మేత లెక్క చెప్పాలి, రైతు ఫోన్ చేస్తే పలకాలి. నెలకు 25 వేలు, పెట్రోలు వేరు. అంతకుముందు తెలిసినవాళ్ళ మాట మీద ఇద్దరిని పెట్టుకున్నారు. ఒకడు నెల తిరక్కుండా మానేశాడు. రెండోవాడు ఒక సున్నా ఎక్కువ చదివి రైతు చేత పదింతలు మందు వేయించబోయాడు. అందుకని ఈసారి పరీక్ష పెట్టారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్న స్నేహితుడు ఒక ఆప్టిట్యూడ్ పేపరు పంపాడు. యాభై ప్రశ్నలు, గంట టైము, అంతా ఇంగ్లీషు. పద్నాలుగు మంది రాశారు.

అందరికంటే ఎక్కువగా ఒక అమ్మాయికి 41 వచ్చాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదివింది. తండ్రి చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేస్తాడు. రెండేళ్ళుగా బ్యాంకు పరీక్షలకు తయారవుతోంది. ఈయన సొంత మేనల్లుడికి వచ్చినవి 13. అతనిది చెన్నై దగ్గర పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్. అరెకరం కొబ్బరితోట అమ్మి చదివించారు. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది గానీ, వచ్చి చేరమన్న కబురు ఏడాదిన్నరగా రాలేదు. ఆఫీసు కుర్రాడు మార్కుల జాబితా గోడకు అంటించాడు. ఎవరో ఫొటో తీశారు. సాయంత్రానికి అది పాలకొల్లు చేరింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో వరసైనవాళ్ళు ఆ కుర్రాణ్ణి "పదమూడు" అని పిలుస్తున్నారట. అక్కగారు ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు: "వాడు పుట్టినప్పుడు ముందు ఎత్తుకున్నది నువ్వేరా. వాడికి నువ్వే పరీక్ష పెట్టావా?" ఆ తరవాత మాటల్లేవు. సంక్రాంతికి రాలేదు.

ఇంకో సంగతి కూడా రాశారు. పదకొండేళ్ళుగా దగ్గరుండి పనిచేస్తున్న పెద్దాయన ఒకరు, పదో తరగతి వరకు చదివినాయన, ఆ పేపరు సరదాగా రాసి చూశారు. తొమ్మిది వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నం క్యారేజీ విడిగా విప్పుకుంటున్నారు. ఇక ఇంట్లో భార్యది వేరే ప్రశ్న: "ఆడపిల్ల తెల్లవారుజామున చెరువుల మీదికి ఎలా వెళ్తుందండీ?"

"అక్క మాట వినాలా, పేపరు మాట వినాలా చెప్పండి" అని ముగించారు.

అయ్యా, మీ మూడో పేజీలో మీరు రాసేసి దాటిపోయిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "అక్క అడుగుతుందని ముందే తెలుసు, అందుకే అందరికీ ఒకటే పరీక్ష అన్నాను." సమర్థుడు కావాలని పరీక్ష పెట్టానని మొదటి పేజీలో అన్నారు. అది నిజమే, కాదనను. కానీ రెండో కారణం ఇది. అక్కకు మీరు చెప్పలేని "వద్దు" పేపరు చేత చెప్పించారు. ఆ పని పేపరు చేసిపెట్టింది, కానీ మరీ గట్టిగా, గోడ మీద, నలుగురిలో చెప్పింది. మీ అక్కగారి కోపం పరీక్ష మీద కాదని నా నమ్మకం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ఎంతమంది రాసి ఎంతమంది తప్పారు! తప్పినవాళ్ళ తల్లులెవరూ పరీక్ష పెట్టినవాళ్ళతో మాటలు మానలేదు. బ్యాంకు పరీక్ష పోయినా అంతే. అక్కడ పరీక్ష పెట్టేవాడికి ముఖం లేదు. ఇక్కడ ఉంది, పైగా అది తమ్ముడి ముఖం.

కాబట్టి అక్కా పేపరా అన్న పోటీయే తప్పు. నిర్ణయం మీది. పేపరు మీకు సమాచారం ఇస్తుంది. ఆ సమాచారం ఎంత నమ్మదగిందో చూద్దాం, తరవాత మనుషుల దగ్గరికి వద్దాం.

కాలేజీ పేరు సంగతి ముందు. మీ అక్కగారు "అంత పెద్ద కాలేజీలో చదివినవాడు" అంటున్నారంటే ఆవిడ ఊహించుకున్నది కాదు. పాతికేళ్ళుగా మన వైపు ఇళ్ళన్నీ చూసింది అదే. పేరున్న కాలేజీకి కంపెనీలు బస్సుల్లో వచ్చేవి, పేరులేని కాలేజీ గేటు కూడా చూసేవి కావు. దాని వెనక గొప్ప శాస్త్రం ఏమీ లేదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దరఖాస్తులు మూడు దొంతరలు చేసేవాళ్ళం: తెలిసిన కాలేజీలు, విన్న కాలేజీలు, మిగతావి. టీ వచ్చేలోపు అయిపోయేది. మూడో దొంతర విప్పిన గుర్తు నాకు లేదు. అందులో పనికొచ్చేవాళ్ళు లేరని కాదు, వెతికే తీరిక మాకు లేదు. కాలేజీ పేరు మా పని తగ్గించింది, అంతే. ఆన్‌లైన్ పరీక్షలు వచ్చాక ఆ అవసరం తగ్గింది. టీసీఎస్ 2018 నుంచి దేశమంతటికీ ఒకే అర్హత పరీక్ష పెడుతోంది. కాలేజీకి కంపెనీ రాకపోయినా పిల్లలే పరీక్షకు వెళ్ళి కూర్చోవచ్చు. జోహో సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే డిగ్రీ లేని పిల్లలకు తనే చదువు చెప్పి ఉద్యోగంలోకి తీసుకుంటోంది. అలాగని పాత అలవాటు చచ్చిపోలేదు. చాలాచోట్ల పది, ఇంటర్, డిగ్రీ అన్నింట్లో అరవై శాతం ఉంటేనే పరీక్ష గదిలోకి రానిస్తారు. గుమ్మం మారింది, గడప అలాగే ఉంది.

మీ మేనల్లుడి విషయంలో ఆ పేరు దేన్ని చూపిస్తుంది? ర్యాంకు తెచ్చుకుని చేరాడని మీరు రాయలేదు, తోట అమ్మి చేర్పించారని రాశారు. కటువుగా ఉంటుంది గానీ చెప్పక తప్పదు: ఆ కాలేజీ పేరు కుర్రాడి బుర్ర గురించి కంటే మీ బావగారి మనసు గురించే ఎక్కువ చెబుతోంది. ఆ మనసు 2012లో మీకూ అక్కరకొచ్చింది.

ఇక పేపరు. ఉద్యోగానికి మనిషిని ఎంచే పద్ధతుల్లో ఏది ఎంత పనికొస్తుందో లెక్కగట్టినవాళ్ళు ఉన్నారు. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు అప్పటికి ఎనభై ఐదేళ్ళుగా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 1998లో ఒక పట్టిక వేశారు. సున్నా అంటే చీట్లు తీసి ఎంచినట్టు, ఒకటి అంటే చెప్పింది చెప్పినట్టు జరిగినట్టు. చదివిన ఏళ్ళ లెక్కకు వచ్చింది 0.10. అంటే ఎవరెన్నేళ్ళు చదివారో చూసి మనిషిని పెట్టుకోవడం చీట్లు తీయడం కంటే కాస్త నయం. మీరు పెట్టినట్టు మొత్తం తెలివిని కొలిచే పరీక్షకు 0.51. ఆ మాట పట్టుకుని ఇరవై ఏళ్ళు ఊరేగారు. 2022లో పాల్ సాకెట్, మరికొందరు ఆ లెక్కల్లో దిద్దుబాట్లు అతిగా జరిగాయని తేల్చి మళ్ళీ వేస్తే తెలివి పరీక్ష 0.31కి దిగింది. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, జవాబులకు ముందే అనుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ 0.42తో పైకొచ్చింది. ఆ పనికి కావలసిన విషయం తెలుసా అని చూసే పరీక్షకు 0.40.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ పేపరు ఉత్తి చిత్తుకాగితం కాదు, దేవుడి వాక్కూ కాదు. 41కీ 13కీ మధ్య తేడా ఎంతోకొంత చెబుతుంది. 41కీ 36కీ మధ్య తేడా మీద అయితే నేను వంద రూపాయలు కూడా పందెం కాయను.

ఇప్పుడు మీ పెద్దాయన. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మార్కు మేనల్లుడి పదమూడు కాదు, ఆయన తొమ్మిది. మీరే రాశారు: ఆయన రొయ్య మేత తిన్నదో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి, అంచున మిగిలిన మేత వేలితో చిదిమి చూసి, రైతును "రాత్రి కరెంటు ఎంతసేపు పోయింది?" అని అడుగుతారట. రైతు చెప్పకముందే ఆయనకు తెలుసట. అలాంటి మనిషికి యాభైకి తొమ్మిది వేసిన పేపరు ఏం కొలిచినట్టు? రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తే ఎంతసేపట్లో దాటుకుంటాయో కొలిచింది. గంటలో ఎన్ని ఇంగ్లీషు వాక్యాలు చదవగలరో కొలిచింది. మనం ధాన్యం తూచే ముందు ఉత్తి కాటా ముల్లు సున్నా మీద ఉందా లేదా చూస్తాం కదా. మీ దగ్గర సరిగ్గా తెలిసిన బరువు ఒకటి ఉంది, ఆ పెద్దాయన. ఆయన్ని కాటా మీద పెడితే తేలిపోయారు. అప్పుడు అనుమానం బరువు మీదికి పోకూడదు.

అమెరికాలో ఇలాంటిదే కోర్టు దాకా వెళ్ళింది. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ 1965లో మంచి విభాగాల్లో పనికి హైస్కూలు పట్టా ఉండాలని, రెండు ఆప్టిట్యూడ్ పరీక్షలు నెగ్గాలని పెట్టింది. దాంతో నల్లజాతి పనివాళ్ళు కూలి పనుల్లోనే ఉండిపోయారు. తమాషా ఏమిటంటే, ఆ నిబంధన రాకముందు చేరిన పట్టా లేని తెల్లవాళ్ళు అవే విభాగాల్లో నిక్షేపంగా పనిచేస్తున్నారు. 1971లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: పరీక్ష ఆ పనికి మనిషి పనికొస్తాడో లేదో కొలవాలి, గాల్లో మనిషిని కొలవకూడదు. ఆ చట్టం ఆకివీడులో చెల్లదు, నిజమే. ప్రశ్న మాత్రం చెల్లుతుంది.

ఇంగ్లీషు సంగతి కూడా అంతే. బ్రిటిష్ పాలనలో పెద్ద అధికారుల ఉద్యోగాలైన ఐసీఎస్‌కు 1855లో పోటీ పరీక్ష పెట్టారు, ఎవరైనా రాయొచ్చన్నారు. 1922 దాకా అది రాయాలంటే లండన్ వెళ్ళాల్సిందే. పరీక్ష అందరికీ ఒకటే, ఓడ ఛార్జీ మాత్రం కాదు. మీ రైతు ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడడు. మేత బస్తా మీద ఉన్న ఇంగ్లీషు, మందు డబ్బా మీద ఉన్న కొలతలు చదవడం వస్తే చాలు. అంతవరకే పరీక్షించండి.

మరి ఎలాంటి పేపరు పెట్టాలి అంటారు. నాకు చెరువుల గురించి తెలిసింది కొంచెమే, మీకు బాగా తెలుసు. అయినా నాకు తోచినవి చెబుతాను. ఒక చెరువులో లక్ష రొయ్య పిల్ల వేశారు, డెబ్భై శాతం బతికింది, కౌంటు (కిలోకు తూగే రొయ్యలు) 50 ఉంది, ఇప్పటిదాకా 2,100 కిలోల మేత వేశారు, ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టిన మేత, ఎంత? డెబ్భై వేలను యాభైతో భాగిస్తే 1,400 కిలోల రొయ్య. 2,100ను దానితో భాగిస్తే ఒకటిన్నర. ఇందులో ఉన్నది ఐదో తరగతి లెక్కే, కానీ ఏ అంకెను దేనితో భాగించాలో తెలియాలి. ఇంకోటి: వారం రోజుల పీహెచ్ రీడింగులు రాసిన కాగితం ఇవ్వండి, 7.9, 8.1, 81, 8.0 అలా. ఏమీ చెప్పకుండా "వీటి సగటు కట్టు" అనండి. 81 దగ్గర ఎవరు ఆగుతారో చూడండి. మీ పాత కుర్రాడు సున్నా దగ్గర ఆగలేదు కదా, మీకు కావలసింది ఆగే మనిషి. మూడోది నోటితో అడగండి: తెల్లవారుజామున నాలుగింటికి మీటరు డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) 2.8 చూపించింది, అంటే బాగా తక్కువ, రైతు ఫోను ఎత్తడం లేదు, ఏం చేస్తావు? దీనికి ఒక్క జవాబు ఉండదు. ముందు ఏరియేటర్లు ఆన్ చేయిస్తాననేవాడు ఒకడు, మీటరు సరిగా ఉందో లేదో రెండోచోట చూస్తాననేవాడు ఒకడు, మీకు ఫోన్ చేస్తాననేవాడు ఒకడు ఉంటాడు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో పరీక్ష ముందు రోజే రాసి పెట్టుకోండి. మనిషిని చూశాక రాస్తే, మనకు నచ్చిన మనిషి చెప్పిందే మంచి జవాబు అనిపిస్తుంది. ఆ తరవాత రెండు రోజులు చెరువుల మీద తిప్పండి, ఆ రెండు రోజులకూ కూలి ఇవ్వండి. జవాబు కాగితాల మీద పేర్లు కాకుండా నంబర్లు ఉండాలి. దిద్దేది మీరు కాకూడదు. గోడకు అంటించకూడదు. ఎవరి మార్కులు వాళ్ళకే చెప్పాలి.

అంటే ఈ పరీక్ష రద్దు చేసి కొత్తది పెట్టమంటున్నానా? ఇక్కడ జాగ్రత్త. అలా చేయొచ్చు, కాటా తప్పని తేలింది కాబట్టి అందరికీ మళ్ళీ తూకం వేయడంలో న్యాయం ఉంది. కానీ ఊరు ఏమంటుందో ఊహించండి. మేనల్లుడు తప్పాడు, అమ్మాయి నెగ్గింది, వెంటనే పరీక్ష మారింది. మీరు ఎంత సదుద్దేశంతో మార్చినా వినేవాడికి వినపడేది ఇంతే. ఆ అమ్మాయి తండ్రి మీ రైతుల చెరువుల మీదే ఏరియేటర్లు విప్పుతూ ఉంటాడు. ఈ కథ ఏ గట్టు మీద ఎవరికి చెబుతాడో మీ చేతుల్లో ఉండదు. పరుగు మొదలయ్యాక గీత జరపడం నాకు నచ్చదు. నేనైతే ఈ ఉద్యోగం చెప్పిన మాట ప్రకారం ఆ అమ్మాయికే ఇస్తాను, చెరువు పని తెలియదు కాబట్టి మొదటి నెల పెద్దాయన వెనక తిప్పుతాను, జీతం మాత్రం మొదటి రోజు నుంచే. కొత్త పేపరు తరవాతి ఉద్యోగానికి. మీకు వేరే తోవ తోస్తే, అంటే పైన వచ్చిన ఐదారుగురినీ చెరువుల దగ్గర చూసి నిర్ణయించాలనుకుంటే, అదీ తప్పు కాదు. కానీ ముందు ఆ అమ్మాయికి ఎందుకో చెప్పాలి, ఆ ఐదారుగురిలో మీ మేనల్లుడు ఉండకూడదు. పదమూడు మార్కులతో పైవాళ్ళలోకి వచ్చే లెక్క ఏదీ లేదు.

ఆ 41 గురించి కూడా కళ్ళు తెరిచి ఉండండి. రెండేళ్ళుగా రోజూ అలాంటి పేపర్లే చేస్తున్న పిల్ల అది. ఈత నేర్చినవాడికీ నేర్వనివాడికీ కాలవలో పోటీ పెట్టినట్టు. తెలివి ఉంది, సందేహం లేదు. సాధన కూడా ఉంది. ఏది ఎంతో పేపరు చెప్పదు. రెండేళ్ళు ఒక పని పట్టుకుని కూర్చోవడం కూడా మీకు పనికొచ్చే గుణమే అనుకోండి. బ్యాంకు ఉద్యోగం వస్తే వెళ్ళిపోతుందా? వెళ్ళిపోతుంది. ఏ తండ్రైనా వెళ్ళమంటాడు. అడగండి, దాచకుండా అడగండి. వెళ్ళే ముందు ఒక నెల చెప్పాలని, ఈలోపు ఇంకొకరికి పని నేర్పాలని మాట తీసుకోండి. సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకోవడం, బాండ్లు రాయించడం లాంటి తెలివితేటలు మాత్రం వద్దు. మీ బావగారు మీ దగ్గర కాగితం రాయించుకోలేదు.

తెల్లవారుజాము సంగతి మీ ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే, అడగవలసింది మాత్రం ఆ అమ్మాయిని. అసలు ఆ ఉద్యోగంలో చీకటి వేళ ఎన్నిసార్లు వెళ్ళాలి? నెలకు మూడుసార్లా, ముప్పైసార్లా? మూడుసార్లయితే తోడు పంపడం పెద్ద ఖర్చు కాదు. ముప్పైసార్లయితే మగపిల్లాడికైనా ఆ గట్ల మీద, ఆ కరెంటు తీగల మధ్య ఒంటరిగా తిరగడం క్షేమం కాదు. ఎవరి కోసమైనా చేయవలసిన ఏర్పాటే ఇది. ఆ పిల్ల తండ్రి రాత్రిపూట చెరువుల్లో మోటార్లు బాగుచేసే మనిషి. ఆ ఇంట్లో ఈ చర్చ ఇప్పటికే జరిగి ఉంటుంది, వాళ్ళు ఏమనుకున్నారో కనుక్కోండి.

ఇప్పుడు మేనల్లుడు. ఉత్తరమంతా వెతికాను. అతను ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. అక్క అన్నది ఉంది, బావ ఊరుకున్నది ఉంది, మీ ఆవిడ మాట ఉంది. ఏడాదిన్నర నుంచి రాని కబురు కోసం ఫోను చూసుకుంటూ కూర్చున్న ఇరవై మూడేళ్ళ కుర్రాడు, మామయ్య ఆఫీసులో గంటసేపు ఆ పేపరు ముందు ఏం అనుకున్నాడు? లెక్కలు రాక పదమూడా? భయపడి పదమూడా? నాకు ఈ రొయ్యల పని వద్దు మొర్రో అని ఇంట్లో చెప్పలేక పదమూడా? ఈ మూడోది నేను చాలాసార్లు చూశాను. ఉద్యోగం వద్దని నోటితో అనలేని పిల్లలు పరీక్షలో అంటారు. మీరు అక్కకు చెప్పలేనిది పేపరు చేత చెప్పించినట్టే.

అతన్ని బండి ఎక్కించుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళండి. నరసాపురం రేవు దాకా వెళ్ళి టీ తాగి రండి. ముందు మార్కులు గోడ మీద పెట్టినందుకు క్షమించమనండి. ఆఫీసు కుర్రాడి మీదికి నెట్టొద్దు, ఆఫీసు మీది. తరవాత ఏం చేయాలనుందో అడగండి. లెక్కలు రాక తప్పాడంటే నేర్చుకోవచ్చు, ఆ అమ్మాయి రెండేళ్ళు చేసింది ఇతను ఆరు నెలలు చేస్తే తేడా కనిపిస్తుంది. చెరువు పని ఇష్టమేనంటే మీ తరవాతి ఖాళీకి కొత్త పేపరు రాయనివ్వండి, నంబరుతో, మిగతావాళ్ళతో పాటు. సాఫ్ట్‌వేరే కావాలంటే ఆ ఆఫర్ లెటర్ మీద ఆశ వదులుకుని మిగతా కంపెనీల పరీక్షలకు కూర్చోవాలి, ఆ మాట ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండండి. ఇలాంటి ఇళ్ళ చుట్టూ "మూడు లక్షలు కట్టండి, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం, ఎక్స్‌పీరియన్స్ మేమే చూపిస్తాం" అనేవాళ్ళు తిరుగుతుంటారు. దొంగ అనుభవం చూపిస్తే, పీఎఫ్ ఖాతాలో లేని నెలలు ఎక్కడివని తనిఖీలో అడిగిన రోజున ఉద్యోగమూ పోతుంది, ఆ మచ్చా మిగులుతుంది. ఇంకో అరెకరం ఆ దారిన పోకుండా చూడగలిగింది ఆ ఇంట్లో మీరే.

అక్క మాట విని అతన్ని ఇదే ఉద్యోగంలో పెట్టేస్తే? పెట్టొచ్చు. సొంత వ్యాపారం, మిమ్మల్ని ఆపేవాళ్ళు లేరు. గోదావరి జిల్లాల్లో సగం దుకాణాలు బావమరుదులతో, మేనల్లుళ్ళతోనే నడుస్తున్నాయి, అవేమీ మునిగిపోలేదు. కానీ మీరు పద్నాలుగు మందిని పిలిచి, కూర్చోబెట్టి, మార్కులు వేశారు. ఆ తరవాత పదమూడు వచ్చినవాణ్ణి పెట్టుకుంటే వచ్చే ఏడాది మీ పరీక్షకు బుద్ధిమంతులెవరూ రారు. ఆ కుర్రాడు కూడా రైతు ఎదుట నోరు విప్పినప్పుడల్లా పదమూడే గుర్తొస్తుంది, వాళ్ళకూ అతనికీ. అతను ఒక సున్నా తప్పు చదివిన రోజున మీరు తిట్టాలా, అక్కకు ఫోన్ చేయాలా?

ల్యాబులోనో లెక్కల దగ్గరో వేరే కుర్చీ వేద్దామా అని కూడా అడిగారు. నిజంగా అక్కడ పని ఉంటే వేయండి. లేకపోతే అది జీతం రూపంలో కడుతున్న వడ్డీ.

ఆ మాట ఎలాగూ వచ్చింది. అసలు తీర్చారు, వడ్డీ వాళ్ళు అడగలేదు. అడగని వడ్డీ ఇలాగే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మీ అక్కగారు పైకి అనకపోయినా "మేము నిన్ను పరీక్ష పెట్టి ఇచ్చామా?" అన్నది ఆవిడ మౌనంలో ఉంది. దానికి మీ దగ్గర జవాబు లేదు, ఉండనక్కర్లేదు. పెట్టి ఇవ్వలేదు, నిజమే. ఆ సాయం గుర్తుందని చెప్పండి, అది ఉద్యోగంతో తీర్చేది కాదని కూడా చెప్పండి. కుర్రాడు ఏ కోర్సులోనో చేరతానంటే ఫీజు మీరు కట్టండి, ఆరు నెలలు హైదరాబాదులో ఉండాలంటే గది అద్దె మీరు చూడండి. అది మీ జేబులోంచి ఇవ్వగలరు. ఉద్యోగం రైతుల చెరువుల్లోంచి ఇవ్వాలి.

పాలకొల్లు మీరే వెళ్ళండి, ఫోన్ వద్దు. బావగారు ఇంట్లో ఉన్నప్పుడు వెళ్ళండి, ఆయన ఇన్నాళ్ళూ ఏమీ అనలేదంటే వినే మనిషే. దారిలో పూతరేకులు కొనుక్కెళ్తే కొనుక్కెళ్ళండి గానీ వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. "పేపరులో అలా వచ్చిందక్కా, నేనేం చేయను" అనే మాట మాత్రం నోట రాకూడదు. "ఈ పనికి వాణ్ణి తీసుకోకూడదని నేనే అనుకున్నాను. ముందే నీకు చెప్పాల్సింది, ధైర్యం చాలక పరీక్ష చాటున దాక్కున్నాను. వాడి మార్కులు నలుగురిలో పడ్డాయి, ఆ తప్పు నాదే." ఇంతే. ఆవిడ తిడుతుంది. తిట్టనివ్వండి, ఇన్ని నెలల మౌనం కంటే నయం. మొదటిసారి కాఫీ ఇవ్వకపోవచ్చు. మళ్ళీ వెళ్ళండి.

ఇక ఆ క్యారేజీ విడిగా విప్పుకుంటున్న పెద్దాయన. ఆయన్ని ఓదార్చే ప్రయత్నం చేయకండి, ఇంకా చిన్నబుచ్చుకుంటారు. ఒక కాగితం, పెన్ను పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, "బాబాయ్, కొత్తవాళ్ళకు పేపరు తయారు చేయాలి, చెరువు మీద వాళ్ళకు తప్పకుండా తెలిసి ఉండాల్సినవి ఓ ఇరవై చెప్పండి, నేను రాసుకుంటాను" అనండి. ఆయన చెబుతుంటే మీరు రాయండి. మధ్యాహ్నం అయ్యేసరికి ఇరవై పూర్తి కావు. కాకపోతే అక్కడే మీ క్యారేజీ కూడా తెప్పించుకోండి.